మోకాలు జారుతుంటే ఆడించకండి

ప్రశ్న: జెడ్పీ హైస్కూల్లో పీఈటీని. బాలికల కబడ్డీ జట్టుకు గాయాలు కాకుండా 20 నిమిషాల వార్మప్ మొదలుపెట్టాను. పిల్లలు విసుక్కుని సగంలోనే వదిలేస్తున్నారు. టైం తగ్గించవచ్చా? పోయిన నెల ఒక రైడర్ దూకి దిగుతూ పడితే మోకాలు వెంటనే వాచింది. నాటు కట్టు కట్టించి, డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర వేసుకుంటూ ఆడుతోంది. అప్పుడప్పుడు మోకాలు జారుతోందంటోంది.
- ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: వార్మప్ సంగతి తర్వాత. ముందు ఆ అమ్మాయిని ఈరోజు నుంచే ఆట మాన్పించండి. పడిన గంట, రెండు గంటల్లోనే మోకాలు వాచిందంటే లోపల రక్తం చేరి ఉండొచ్చు. పైగా జారుతోందంటున్నారు. ఏసీఎల్, అంటే మోకాలి లోపల తొడ ఎముకను కాలి ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్, తెగిందేమోనని అనుమానించాల్సిందే. చూడకుండా తేల్చి చెప్పలేను. ఎముకల డాక్టర్ చేత్తో పరీక్షిస్తే చాలావరకు తెలుస్తుంది, అవసరమైతే ఎంఆర్ఐ రాస్తారు. ఎక్స్‌రే బాగుందని ఊరుకోకండి, అందులో లిగమెంట్ కనిపించదు. ఆపరేషన్ అంటారేమోనని ఆలస్యం చేయకండి, అందరికీ ఆ అవసరం రాదు.

డైక్లోఫెనాక్ నొప్పిని అణచగలదు గానీ, తెగినదాన్ని అతికించలేదు. నొప్పి తెలియకుండా ఆడితే, జారిన ప్రతిసారీ కీలు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ దెబ్బతినే ప్రమాదం ఉంది. అది పోతే చిన్న వయసులోనే కీలు అరుగుతుంది. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగని పిల్లలకు ఈ మాత్రలు కిడ్నీలకూ మంచివి కావు, కడుపులో పుండ్లు సరేసరి. మ్యాచ్ ఉందని మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయడం మీరు చేసినా, తల్లిదండ్రులు చేసినా తప్పే. పిల్లలు మీ మాట వింటారు, ఆ మాట మీరే చెప్పాలి.

ఇక వార్మప్. ఇలాంటిదే ఫిఫా 11+ అని ఫుట్‌బాల్ కోసం తయారైంది. నార్వేలో 13-17 ఏళ్ల బాలికల క్లబ్బుల్లో చేయించి చూస్తే తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. 2008లో వచ్చిన ఫలితాలివి. కబడ్డీకి అదే లెక్క అనలేను గానీ, దూకి దిగడం, గిరుక్కున తిరగడం రెండు ఆటల్లోనూ ఉన్నవే. అయితే వారానికి కనీసం రెండుసార్లు, సీజనంతా చేస్తేనే ఫలితం. కాబట్టి తగ్గించకండి, విడగొట్టండి. పరుగు, ఒంటికాలిపై నిలబడటం, దూకి దిగడం ఆటకు ముందు చేయించండి. ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్లపై ఒళ్లు తిన్నగా నిలపడం), నార్డిక్ (మోకాళ్లపై నిలబడి, వెనక ఒకరు మడమలు పట్టుకుంటే మెల్లగా ముందుకు వాలడం) లాంటివి ప్రాక్టీస్ చివర్లో పెట్టుకోవచ్చు. పిల్లలు దిగేటప్పుడు ఎదురుగా నిలబడి మోకాళ్లు చూడండి. లోపలికి వాలుతుంటే ఆపి సరిదిద్దండి, మోకాలు పాదం వేళ్ల వైపే వంగాలి. నార్డిక్ మూడు నుంచి ఐదుసార్లతో మొదలుపెట్టండి. కొత్తలో రెండ్రోజులు తొడల వెనక పట్టేసినట్టు ఉంటుంది, దానికీ మాత్రలు ఇవ్వొద్దు.