వాటర్ పంపు స్పీడ్ తగ్గించారు, ఇంజిన్ పోయింది... నష్టపరిహారం ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. సొంత వాడకానికి కొనుక్కున్న పెట్రోలు కారు ఉంది. నిరుడు డిసెంబరులో బెల్టుతో తిరిగే వాటర్ పంపు లీకవుతుంటే బయట గ్యారేజీలో చూపించాను. ‘ఎలక్ట్రిక్ పంపు వేద్దాం సార్, మైలేజీ కూడా పెరుగుతుంది’ అని యజమాని చెబితే, ఆయన చెప్పిన పంపునే ఆన్‌లైన్‌లో రూ.19,000 పెట్టి తెప్పించాను. స్పీడ్ కంట్రోలర్ మాత్రం ఆయనే తెచ్చారు. దానికి, బిగింపు కూలికి కలిపి యూపీఐలో రూ.8,500 పంపాను. బిల్లు ఇవ్వలేదు. పంపు చప్పుడు ఎక్కువగా ఉందంటే మళ్లీ బండి చూసి, ‘స్పీడ్ తగ్గించాను సార్, బ్యాటరీ మీద లోడ్ కూడా పడదు’ అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. ఈ మే నెలలో అన్నవరం వెళ్లి వస్తుంటే హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఏసీ ఆన్‌లోనే ఉంది. ఇంజిన్ వేడెక్కి ఆగిపోయింది. హెడ్ గాస్కెట్ పోయింది, సిలిండర్ హెడ్ వంగింది, రూ.1.85 లక్షలు అవుతుందని కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పారు. పంపు సన్నటి సిగ్నల్ వైరును కత్తిరించి టేపు చుట్టేశారని, కంట్రోలర్‌ను కరెంటు వచ్చే లావు వైర్ల మధ్య పెట్టారని చూపించారు. బయటి పంపు వేశారు కాబట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ రాదట. ఇన్సూరెన్స్ క్లెయిమూ కొట్టేశారు. గ్యారేజీ వాళ్లు పంపుదే లోపమంటారు, పంపు అమ్మినవాళ్లు బిగించడమే తప్పంటారు. గట్టిగా అడిగితే, బండి మార్పించుకున్నందుకు ఆర్టీవో కేసు నీ మీదే అవుతుందని గ్యారేజీ యజమాని బెదిరిస్తున్నారు. బండి ఇంకా సర్వీస్ సెంటర్‌లోనే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. నేనేం చేయాలి?
- ఓ పాఠకుడు

జవాబు: మిగతాది తర్వాత చదువుదురుగానీ, ముందు సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి. పంపు, కంట్రోలర్, దాని వైరింగ్ ఎలా ఉన్నవి అలాగే ఉంచమనండి. ఏ వైరూ పీకొద్దని, ఏ ముక్కా పారేయొద్దని చెప్పండి. ఫోన్‌తో సరిపెట్టకుండా అదే మాట ఈమెయిల్‌లో కూడా రాయండి. ఇంజిన్ విప్పే మెకానిక్‌కు ఆ టేపు చుట్టిన వైరు చెత్తతో సమానం. మీ కేసుకు ప్రాణం అందులోనే ఉంది. వీలైతే ఈరోజే వెళ్లి, బానెట్ ఎత్తి, బండి నంబరు ప్లేటుతో మొదలుపెట్టి కంట్రోలర్ దాకా ఆపకుండా ఒకే వీడియో తీయండి.

ఇంకో మాట కూడా అడగండి. ఇంజిన్ వేడెక్కినప్పుడు బండిలోని కంప్యూటర్ ఫాల్ట్ కోడ్ నమోదు చేస్తుంది. కూలెంట్ హద్దు మీరి వేడెక్కితే వచ్చే కోడ్ పి0217. దాంతోపాటు ఆ క్షణంలో కూలెంట్ ఎంత వేడి ఉంది, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, బండి ఎంత స్పీడులో ఉంది అనే వివరాలు ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ పేరుతో నిల్వ ఉండొచ్చు. కోడ్‌లు చెరిపేస్తే అవీ పోతాయి. కాబట్టి చెరిపే ముందే స్కాన్ రిపోర్టు ప్రింటు తీయించి, సర్వీస్ సెంటర్ ముద్ర, తేదీ వేయించుకోండి.

మీ తగాదా మొత్తం ఆ పంపు వేగం ఎలా తగ్గించారన్న దాని మీదే నిలబడుతుంది. బెల్టు పంపు ఇంజిన్ ఎంత తిరిగితే అంత తిరుగుతుంది. ఎలక్ట్రిక్ పంపుకు ఆ కట్టుబాటు లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నెమ్మదిగా, వేడి పెరిగేకొద్దీ వేగంగా తిప్పొచ్చు. బండి ఆగి ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నా పంపును పూర్తి వేగంతో తిప్పొచ్చు. అంటే, ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడ్డప్పుడే అది బాగా అక్కరకు రావాలి. మీ బండి సరిగ్గా అక్కడే చేతులెత్తేసింది. చప్పుడు తగ్గించడానికి వేగాన్ని ఒక దగ్గర కట్టేశారే తప్ప, వేడిని బట్టి మళ్లీ పెరిగే ఏర్పాటు చేయలేదన్న అనుమానం అందుకే బలంగా వస్తోంది.

రెండో సంగతి వైరింగు. సిగ్నల్ వైరు విడిగా ఉన్న పంపు సాధారణంగా బ్రష్‌లెస్ రకం. మోటారును నడిపే సర్క్యూట్ పంపు లోపలే ఉంటుంది. లావు వైర్లలో కరెంటు నిండుగా అందాలి, వేగం ఎంతన్నది సన్నటి వైరు ద్వారా చెప్పాలి. అలా కాకుండా కరెంటునే ముక్కలు ముక్కలు చేసి పంపే కంట్రోలర్‌ను లావు వైర్ల మధ్య పెడితే లోపలి సర్క్యూట్ తడబడుతుంది, పంపు ఆగిపోయినా ఆశ్చర్యం లేదు. మామూలు బ్రష్‌ల మోటారుకు పనికొచ్చే పద్ధతి దీనికి పనికిరాదు. పంపుతో వచ్చిన సూచనల కాగితం, పెట్టె మీ దగ్గరున్నాయా? లేకపోతే అమ్మకందారు పేజీలో వైరింగ్ బొమ్మను ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోండి. సిగ్నల్ వైరు ఎక్కడ కలపాలో అందులో రాసి ఉండి, గ్యారేజీలో దాన్ని కత్తిరించారంటే మీ పని సగం అయినట్టే.

ఇక బాధ్యులెవరు? నా లెక్కలో మొదటి ప్రతివాది గ్యారేజీ. వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం డబ్బు తీసుకుని చేసిన పనిలో నాణ్యత, జాగ్రత్త కొరవడితే అది సేవాలోపం. సేవాలోపం వల్ల హాని జరిగితే సేవ అందించినవారి బాధ్యత గురించి 85వ సెక్షన్ కూడా ఉంది. పంపు మీరే కొని తెచ్చారు కదా అని వాళ్లు తప్పకుండా వాదిస్తారు. ఏ పంపు కొనాలో చెప్పింది వారే, కంట్రోలర్ తెచ్చిందీ వారే, వేగం తగ్గించిందీ వారే. ఆ వాట్సాప్ మెసేజ్ మీ దగ్గరున్న అతి బలమైన సాక్ష్యం. ‘స్పీడ్ తగ్గించాను’ అని రాసిచ్చిన మనిషి, తర్వాత తనకేం తెలియదంటే వినియోగదారుల కమిషన్ ముందు నిలవడం కష్టం. ఆ ఫోన్ మార్చొద్దు, ఫార్మాట్ చేయొద్దు. చాట్ ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియం-2023లోని 63వ సెక్షన్ కింద, ఆ ప్రింట్లు మీ ఫోన్‌లోని చాట్‌వేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ కూడా జతచేయండి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యం నియమాలు సివిల్ కోర్టులో ఉన్నంత బిగువుగా ఉండవు కానీ, అవతలివారికి ఆ సాకు కూడా మిగల్చకూడదు.

బిల్లు లేదని దిగులుపడొద్దు. యూపీఐ చెల్లింపు వివరాలు, ఆ రోజుల నాటి చాట్ ఉంటే సేవ పొందినట్టు చూపించవచ్చు. పైగా బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఫిర్యాదులో దాన్ని విడిగా రాయండి.

పంపు అమ్మినవారిని రెండో ప్రతివాదిగా చేర్చండి. వాళ్ల మీద మీ కేసు అంత బలంగా లేదని మాత్రం ముందే తెలుసుకోండి. వస్తువును మార్చినా, తప్పుగా వాడినా అమ్మకందారు మీద ఉత్పత్తి బాధ్యత కేసు నిలవదని అదే చట్టంలోని 87వ సెక్షన్ చెబుతోంది. కత్తిరించిన వైరును చూపించి వాళ్లు అదే అంటారు. అయినా చేర్చమనడానికి కారణముంది. చేర్చకపోతే గ్యారేజీ వాళ్లు నెపమంతా అక్కడ లేని మనిషి మీదకు నెట్టేస్తారు. ఇద్దరూ ఎదురుగా ఉంటే ఒకరి మాటకు ఇంకొకరు జవాబు చెప్పుకోవాలి. సరైన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం కూడా తయారీదారు బాధ్యతే. తయారీదారు ఎవరో తెలియకపోతే అమ్మినవారినే బాధ్యులను చేసే వీలుంది. పంపు వల్ల పంపుకే జరిగిన నష్టం చట్టంలోని ఈ ఉత్పత్తి బాధ్యత అధ్యాయం కిందకు రాదు గానీ, దానివల్ల ఇంజిన్ పాడైతే అది ‘హాని’ కిందకు వస్తుంది. అమ్మకందారు చిరునామా దొరక్కపోతే, కొన్న వెబ్‌సైట్‌కు రాతపూర్వకంగా అడగండి. ఈ-కామర్స్ నియమాలు-2020 ప్రకారం వాళ్లు ఇవ్వాలి.

సర్వీస్ సెంటర్ విషయంలో మీకు నచ్చని మాటే చెబుతున్నాను. బయటి మార్పుల వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదని మామూలుగా ఆ పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. చెడింది కూలింగ్ వల్లే కాబట్టి, ఈ రిపేరు వరకు వారి నిరాకరణను ఎదిరించి గెలవడం కష్టం. అయితే ఆ వంకతో గేర్‌బాక్సు, స్టీరింగు వంటి సంబంధం లేని భాగాలకు కూడా వారంటీ పోయిందంటే ఒప్పుకోకండి. ఏ షరతు కింద, ఏ భాగానికి నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితంలో ‘పంపు వైరింగ్ తప్పుగా ఉండటం వల్ల’ అని ఉంటే అది గ్యారేజీ మీద మీకు సాక్ష్యంగా పనికొస్తుంది. ఇన్సూరెన్స్ సంగతీ అంతే. మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కు మామూలు ఓన్ డ్యామేజ్ పాలసీ వర్తించదు. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ తీసుకుని ఉంటే దాని షరతులు ఒకసారి చదవండి, లేకపోతే అక్కడ సమయం పోగొట్టుకోవద్దు.

ఆర్టీవో కేసు అన్న బెదిరింపుకు మీరు ఎందుకంత భయపడుతున్నారో నాకు అర్థమైంది. చట్టం ఉన్నమాట నిజమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. అదే ఏడాది జనవరి 9న కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌ను మార్చకూడదని గట్టిగా చెప్పింది. అలాగని ప్రతి విడిభాగం మార్పూ నేరం కాదు. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, సీసీ, రంగు, సీట్లు ఉంటాయి. వాటర్ పంపు అందులో ఉండదు. మీ మీద ఆ కేసు నిలబడుతుందని నేను అనుకోను. ‘అసలు స్పెసిఫికేషన్’ అన్న మాట విశాలమైనది కాబట్టి, అసలు ప్రమాదమే లేదని మాత్రం చెప్పను. రిపేరులో కంపెనీ బెల్టు పంపునే తిరిగి వేయించుకోండి. అప్పుడు ఈ భయమూ పోతుంది, ముందుముందు వారంటీ గొడవా ఉండదు. ఇంకో సంగతి గమనించండి. ఆ ఫిర్యాదు చేయాలంటే బండిని మార్చింది తానేనని గ్యారేజీ యజమాని ఒప్పుకోవాలి. ఆ బెదిరింపు మెసేజ్ రూపంలో ఉంటే దాచిపెట్టుకోండి.

ఫిర్యాదు మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే చోట వేసే హక్కు చట్టం ఇచ్చింది. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. ఇంజిన్ పోయిన తేదీ నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు గానీ, అవతలివాళ్లు పంపు బిగించిన రోజు నుంచి లెక్కిస్తారు. కాబట్టి వచ్చే ఏడాది డిసెంబరు రాకముందే వేసేయండి. ముందుగా ఇద్దరికీ స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు పంపండి. నోటీసు తప్పనిసరి కాదు, అయినా దానికి వాళ్లిచ్చే జవాబులో ఒకరి మీద ఒకరు రాసుకునే మాటలు మీకే ఉపయోగపడతాయి.

ఇలాంటి కేసులు వీగిపోయేది ఎక్కువగా నిపుణుడి నివేదిక లేకే. ఇంజిన్ దేనివల్ల పోయిందో మీరూ నేనూ చెబితే చాలదు. లైసెన్సున్న మోటారు సర్వేయర్‌తోనో, ఇంజినీరింగ్ కాలేజీ ఆటోమొబైల్ అధ్యాపకుడితోనో బండి విప్పకముందే పరీక్ష చేయించి, సంతకంతో నివేదిక తీసుకోండి. పరీక్షకు రమ్మని గ్యారేజీకి, అమ్మకందారుకు తేదీతో సహా కబురు పెట్టండి. రాకపోతే అది వాళ్ల ఇష్టం. ఆ తర్వాత పంపును, కంట్రోలర్‌ను సీలు చేసి ఉంచితే, అవసరమైతే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కమిషనే ల్యాబుకు పంపుతుంది. ఆ ఖర్చు ముందు మిమ్మల్నే కట్టమనొచ్చు. ఇవన్నీ అయ్యాక బండి రిపేరు చేయించేసుకోండి. కేసు తేలేదాకా షెడ్డులో ఉంచితే పార్కింగ్ ఛార్జీలు పెరుగుతాయి, నష్టం తగ్గించుకునే ప్రయత్నం చేయలేదన్న మాటా వస్తుంది. ఈలోగా వాడే అద్దె బండ్ల రసీదులు దాచండి.

మీరు ఉత్తరంలో రాయని విషయం ఒకటుంది. ఇంజిన్ వేడెక్కిందని డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగాక ఎంత దూరం నడిపారు? అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో కొంత జవాబు ఉండొచ్చు కూడా. వెంటనే ఆపి ఉంటే అది మీకు బలం. కొంత దూరం నడిపి ఉంటే పరిహారం కొంత తగ్గొచ్చు, అంతమాత్రాన కేసు పోదు. మీ వకీలుకు ఉన్నదున్నట్టు చెప్పండి, ఫిర్యాదులోనూ అలాగే రాయించండి.

పోలీసు కేసు పెడదామని ఎవరైనా చెబితే వినకండి. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపలేకపోతే చీటింగ్ నిలవదు. పని చేతకాకపోవడం మోసం కాదు.

నోటీసు అందాక గ్యారేజీ యజమాని రాజీకి రావచ్చు, కమిషన్ కూడా మధ్యవర్తిత్వానికి పంపొచ్చు. రిపేరు ఖర్చు, పంపు ధర, బిగింపు కూలి, అద్దె బండి ఖర్చు కలిపి ఒక అంకె వేసుకుని కూర్చోండి. ఒప్పందం కాగితం మీద రాయించి ఇద్దరూ సంతకాలు చేయండి. డబ్బు మీ ఖాతాలో పడేదాకా ఆ కంట్రోలర్‌ను మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.