ఇండక్షన్ మీద తాలింపు మాడిపోతోందన్న అక్కకి

అక్కా, స్టవ్ బాగానే ఉంది, నంబరే ఎక్కువ పెడుతున్నారు. గ్యాస్ మీద చాలా వేడి గిన్నె పక్కల నుంచి గాలిలోకి పోతుంది, ఇండక్షన్‌లో గిన్నె అడుగే నేరుగా కాగుతుంది కాబట్టి 2000 వాట్లు పెట్టి పల్చటి మూకుట్లో నూనె పోస్తే మీరు ఆవాల డబ్బా మూత తీసేలోపే పొగ వచ్చేస్తుంది. మా విజయనగరంలో పనసపొట్టు కూరకి పోపు ఇలాగే రెండుసార్లు నల్లగా చేసి, ఇంట్లో మాటలు పడ్డాను.

తాలింపుకి 800 దాటకండి. నూనె కాగాక ఒక్క ఆవగింజ వేసి చూడండి, అది చిటపటమంటేనే మిగతావి వేసి, ఎండుమిర్చి, కరివేపాకు పడే ముందు 400కి దించేయండి. 2000 అనేది నీళ్లు మరగడానికే, మరిగాక కూడా అలాగే ఉంచితే ఆవిరి పెరుగుతుంది తప్ప పప్పు ముందు ఉడకదు.

చోడి (రాగి) అంబలి కాసేపు పొంగి కాసేపు ఆగుతోందన్నారు కదా, అది రిపేరు కాదు. తక్కువ సెట్టింగ్‌లో చాలా స్టవ్‌లు కొన్ని సెకన్లు వెలిగి, కొన్ని సెకన్లు ఆగి సగటున ఆ వేడి ఇస్తాయి. అడుగు మందంగా ఉన్న గిన్నె పెట్టండి, పిండి చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి పోయండి, కలుపుతూనే ఉండండి.

ఒకవేళ మీది ఇండక్షన్ కాకుండా ఎర్రగా వెలిగే కాయిల్ రకమైతే ఆపేశాక కూడా ప్లేటు చాలాసేపు కాలుతూనే ఉంటుంది, పాలు పొంగేదాకా చూడకుండా కాస్త ముందే కట్టేయండి.