రిలీజు బాధ్యత చేతికొచ్చిన మేనకోడలికి

బరంపురం

అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. మన కంపైలర్ (రాసిన ప్రోగ్రామ్‌ని మిషన్ నడిపేలా మార్చే సాఫ్ట్‌వేర్) కొత్త వెర్షన్‌కి రిలీజ్ మేనేజర్‌గా నిన్ను పెట్టారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషించాను. రిలీజు ఎలా నడపాలని నువ్వు అడిగినవాటికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా జవాబు చెప్పే కంటే కూర్చుని రాయడం మంచిదనిపించింది. తీరిగ్గా చదువుకో.

ఇన్నాళ్లూ నువ్వు కంపైలర్‌లో కోడ్ రాశావు, బగ్గులు సరిచేశావు. ఇకమీద నీ పనిలో ఎక్కువ భాగం ఆపడమే. పరీక్షించినదాన్నే జనానికి ఇవ్వాలి. ఇచ్చినదాన్ని మళ్లీ ముట్టుకోకూడదు. నేను చెప్పబోయేవన్నీ ఈ రెండిట్లోంచి పుట్టేవే.

మన కంపైలర్ వాడేవాళ్లలో నూటికి తొంభై మంది మనకి తెలియరు. గుణుపురంలోనో రాయగడలోనో ఒక కాలేజీ ల్యాబులో జూన్‌లో ఎక్కిస్తే, మళ్లీ ఏడాది దాకా ఎవరూ దాని జోలికి పోరు. నువ్వు ఆ రోజు ఏది ఇస్తావో ఆ పిల్లలు ఏడాదంతా దానిమీదే నేర్చుకుంటారు. తేదీ వేసేటప్పుడు వాళ్లని మనసులో పెట్టుకో.

ముందు తేదీలు రాయి. చివరి రోజు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి: ఫైనల్ ఎప్పుడు, రిలీజ్ క్యాండిడేట్ (తప్పులు దొరక్కపోతే ఫైనల్ అయ్యేది) ఎప్పుడు, బీటా (జనం పరీక్షించడానికి ముందుగా ఇచ్చేది) ఎప్పుడు, కొత్త ఫీచర్లకి తలుపు మూసేది ఎప్పుడు. మిగతా ప్రోగ్రామింగ్ భాషల్ని చూడు: పైథాన్ వాళ్లు ప్రతి వెర్షన్‌కీ ఈ తేదీలతో ఒక పత్రం ముందే బయటపెడతారు. మొదటి బీటా వచ్చాక కొత్త ఫీచర్ తీసుకోరు. ఫైనల్ ఏటా అక్టోబరులో వస్తుంది. రూబీకి డిసెంబరు 25. రస్ట్‌కి ప్రతి ఆరు వారాలకీ ఒకటి. పెర్ల్ డెవలప్‌మెంట్ రిలీజులు నెలనెలా 20వ తేదీకి వస్తాయి, ఒక్కో నెల ఒక్కో వాలంటీరు ఆ పని ఎత్తుకుంటారు. ఎవరి పద్ధతి వాళ్లది. నా మటుకు నాకు, ఫీచర్ పూర్తయ్యేదాకా ఆగే రిలీజు కంటే తేదీ ప్రకారం వచ్చే రిలీజే మేలు. తర్వాతి బండి ఎప్పుడో తెలిస్తే ఈ బండి కోసం ఎవరూ తోసుకోరు.

అయినా తోసుకొస్తారు. ఫ్రీజ్ పెట్టిన, అంటే కొత్త ఫీచర్లకి తలుపు మూసిన, మర్నాటి నుంచి "రెండే లైన్లు, దీన్ని ఒక్కదాన్ని తీసుకో" అంటూ వస్తారు. అడిగేవాళ్లు మంచివాళ్లే, ప్యాచ్ (వాళ్లు రాసిన కోడ్ మార్పు) కూడా మంచిదే అయివుంటుంది. అందుకే కాదనడం కష్టం. ఇక్కడి దేవాంగుల ఇళ్లల్లో పట్టుచీర పడుగు మగ్గానికి ఎక్కాక దాని రంగు మార్చమని ఎవరూ అడగరు. ఎంత మంచి రంగయినా దాన్ని తర్వాతి చీరకే అనుకుంటారు. నువ్వూ అలాగే నిలబడాలి. నిలబడటంలో ఒక మర్యాద ఉంది. కాదన్నప్పుడు కారణం రాయి. రిలీజ్ బ్రాంచి (ఈ వెర్షన్ కోసం విడిగా ఉంచే కోడ్ ప్రతి) విడదీసిన రోజే, తర్వాతి వెర్షన్ పనికి మెయిన్ బ్రాంచి తెరిచి, ఆ ప్యాచ్‌ని అక్కడ మెర్జ్ చేయించు. వాళ్ల పని గంగలో కలవలేదని వాళ్ల కళ్లకి కనపడితే కోపం రాదు.

మరి రిలీజుని దేనికోసం ఆపాలి? గత వెర్షన్‌లో పనిచేసి ఇప్పుడు పనిచెయ్యనిది ఏదైనా ఉంటే ఆపు. భద్రతకి సంబంధించిన లోపం ఉంటే ఆపు. అన్నిటికంటే ముఖ్యంగా, సరైన ప్రోగ్రామ్‌కి కంపైలర్ తప్పు కోడ్ పుట్టిస్తే ఆపు. కంపైలర్ క్రాష్ అయితే వాడేవాడికి తెలుస్తుంది, తిట్టుకుని పాత వెర్షన్‌కి పోతాడు. చప్పుడు చెయ్యకుండా తప్పు లెక్క ఇస్తే ఎవరి జీతం లెక్కలోనో, ఎవరి పరీక్ష మార్కుల్లోనో ఆ తప్పు దాక్కుంటుంది. అలాంటిది ఒక్కటున్నా తేదీ జరిపెయ్, మొహమాటపడకు. మూడేళ్ల నుంచీ ఉన్న పాత బగ్ మాత్రం, ఎంత వికారంగా ఉన్నా, రిలీజుని ఆపేది కాదు.

మన టెస్టులన్నీ పాసైతే సగం పనే అయినట్టు. జనం మన భాషలో రాసి పంచుకున్న ప్యాకేజీల మీద పరీక్షించాలి. రస్ట్‌కి క్రేటర్ అనే పనిముట్టు ఉంది. వాళ్ల ప్యాకేజీ భాండాగారంలో ఉన్నవాటిని పాత కంపైలర్‌తో, కొత్త కంపైలర్‌తో బిల్డ్ చేసి తేడా చూపిస్తుంది. మనకి అన్ని మిషన్లు లేవు. ఎక్కువమంది వాడే కొద్ది ప్యాకేజీలు తీసుకుని అదే పని చెయ్యి. తేడా వచ్చినవే చూడు, రెండిట్లోనూ ఫెయిలైనవాటితో నీకు నిమిత్తం లేదు. ఏదైనా విరిగితే తప్పు మనదో, మనం ఎక్కడా హామీ ఇవ్వని ప్రవర్తన మీద ఆ రచయిత ఆధారపడ్డాడో తేల్చుకో. ఏదైనా సరే, ఆయనకి రిలీజుకి ముందే రాయి. మన భాషలోంచి దేన్నైనా తీసెయ్యదలిస్తే చాలా ముందునుంచీ చెబుతూ రావాలి. పైథాన్ వాళ్లు ప్యాకేజీలు కట్టే డిస్ట్‌యుటిల్స్ లైబ్రరీని తీసేస్తామని 2021లో 3.10 నుంచి హెచ్చరిక చూపిస్తూ వచ్చి, 2023లో 3.12లో తీశారు. అంత గడువిచ్చినా కొంతమందికి అది ఆ రోజే తెలిసింది.

ఇక మన లిపుల సంగతి. ఇది ఇంకెవరూ పట్టించుకోరు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ వెర్షన్‌లో యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే ప్రమాణం) పట్టికలు కొత్తవి వేస్తున్నారన్నావు. చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ కాదు. మీ ఊరి పేరే తీసుకో: పర్లాకిమిడి. అందులో 11 కోడ్‌పాయింట్లు (యూనికోడ్ నంబర్లు), వాటిని యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే 33 బైట్లు. ఇవి ఎప్పటికీ మారవు. కానీ చూసేవాడికి ఎన్ని అక్షరాలు? యూనికోడ్ 15.0 దాకా ఉన్న గ్రాఫీమ్ (చూసేవాడికి ఒకే అక్షరంగా కనిపించేది) నియమాల ప్రకారం ఆరు, ఎందుకంటే 'ర్' ఒకటిగా 'లా' ఇంకొకటిగా విడిపోయేవి. 2023లో వచ్చిన 15.1లో సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదనే నియమం చేర్చారు. తెలుగు, ఒడియా, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, మలయాళం లిపులకి అది వర్తిస్తుంది. దాంతో 'ర్లా' ఒక్కటే అయింది, మొత్తం ఐదు. మనం ఒకటో తరగతిలో లెక్కపెట్టినట్టే వచ్చింది. మంచి మార్పు. అయితే స్ట్రింగ్ (అక్షరాల వరస) పొడవుని గ్రాఫీముల్లో కొలిచే స్విఫ్ట్, ఎలిక్సిర్, రాకు లాంటి భాషల్లో ఒక్క లైను కోడ్ మారకుండానే జవాబు మారిపోతుంది. మన లైబ్రరీలో కూడా గ్రాఫీములు లెక్కపెట్టే ఫంక్షన్ ఉంది కదా. పేరుని ఫారంలో పది అక్షరాలకి కత్తిరించే ప్రోగ్రామ్ ఎవరైనా రాసుకుని ఉంటే నిన్నటికీ ఇవాళ్టికీ వేరే చోట కత్తిరిస్తుంది. కాబట్టి "యూనికోడ్ పట్టికలు అప్‌డేట్ చేశాం" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకు. ఈ ఉదాహరణే రిలీజ్ నోట్స్‌లో పెట్టు.

టెస్టుల్లో మూడు లిపులు చేర్చు. తెలుగు, ఒడియా ఎలాగూ ఉంటాయి. మూడోది మీ గజపతి జిల్లాలోనే సవరలు వాడే సొరంగ్ సొంపెంగ్. 1936లో మంగేయి గొమాంగో తయారుచేసిన లిపి అది, యూనికోడ్‌లోకి 6.1తో 2012లో వచ్చింది. అది ఎందుకంటే, తెలుగు ఒడియాల్లా అది మొదటి 65,536 స్థానాల్లో లేదు. ఒక్కో అక్షరానికి యూటీఎఫ్-8లో నాలుగు బైట్లు, యూటీఎఫ్-16 అనే ఇంకో పద్ధతిలో రెండు యూనిట్లు కావాలి. స్ట్రింగ్‌ని తిరగెయ్యడం, కోసెయ్యడం, ఫైలు పేరుగా పెట్టడం, దాని అంకెల్ని అంకెలుగా గుర్తించడం, అన్నీ చేసి చూడు. ఎమోజీల్లో చాలావరకు నాలుగు బైట్లవే, వాటితో పరీక్షించాం కదా అంటారు. ఆ నాలుగు బైట్లవాటిలో దశాంశ అంకెలు లేవు. నీ పక్కింటి సవర పిల్ల తన పేరు తన లిపిలో టైపు చేస్తే మన కంపైలర్ తడబడకూడదు. ఆ పిల్ల తరఫున చూడ్డానికి ఆ టీములో నువ్వు తప్ప ఎవరూ లేరు.

ఇప్పుడు టార్‌బాల్, అంటే సోర్స్ కోడ్ మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టిన మూట. చాలామంది దీన్ని చివరి అయిదు నిమిషాల పని అనుకుంటారు. నా దృష్టిలో ఇదే అసలు పని. జనానికి చేరేది కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉన్నది కాదు, నువ్వు కట్టి పంపిన మూట. ఆ రెండూ ఒకటేనని ఎవరు చూశారు? 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లని కుదించే పనిముట్టు) వ్యవహారం గుర్తుందా? 5.6.0, 5.6.1 వెర్షన్ల టార్‌బాళ్లలో ఒక ఎం4 ఫైలు (బిల్డ్‌లో వాడే స్క్రిప్టు) ఉంది. గిట్ రిపోలో అది లేదు. బిల్డ్ సమయంలో దొంగకోడ్‌ని లోపలికి లాగేది అదే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్ఎస్‌హెచ్ (దూరంలో ఉన్న మిషన్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే దొరికింది. కాబట్టి మూటని చేత్తో కట్టకు, స్క్రిప్టుతో కట్టు. ట్యాగ్ (గిట్‌లో ఈ వెర్షన్‌కి వేసిన గుర్తు) నుంచి ఇద్దరు వేర్వేరు మిషన్ల మీద కట్టి, ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఒక్క బైటు మారినా మారిపోయే ఫైలు వేలిముద్ర) పోల్చండి. ఒక్క బైటు తేడా ఉన్నా ఎందుకో తెలిసేదాకా ముందుకెళ్లొద్దు. సాధారణంగా తేదీ ముద్రల వల్లే తేడా వస్తుంది, వాటిని చివరి కమిట్ (గిట్‌లో నమోదైన మార్పు) తేదీకి కట్టెయ్యొచ్చు.

తర్వాత ఆ మూటనే విప్పి బిల్డ్ చెయ్యి. నీ మిషన్ మీద వద్దు, దాంట్లో అన్నీ ముందే ఉంటాయి. ఖాళీ మిషన్ తీసుకుని, నెట్ తీసేసి, మధ్యలో ఖాళీ ఉన్న పేరుతో ఒక ఫోల్డర్, తెలుగు పేరుతో ఇంకొకటి పెట్టి అందులో చెయ్యి. మన కంపైలర్‌ని దానితోనే కంపైల్ చేస్తాం గనక ఇంకో మెట్టుంది: పాత వెర్షన్‌తో కొత్తదాన్ని కట్టు, ఆ కొత్తదానితో మళ్లీ కట్టు, దానితో ఇంకోసారి కట్టు. చివరి రెండూ అచ్చుగుద్దినట్టు ఉండాలి. జీసీసీ అనే కంపైలర్ వాళ్లు ఎప్పట్నుంచో చేసే పరీక్ష ఇది. విండోస్, మ్యాక్, ఏఆర్ఎం మిషన్లు ఎలాగూ చూస్తారు, వాటి గురించి రాయను.

ఒకసారి బయటికి వెళ్లిన మూటని మార్చకు. అప్‌లోడ్ చేసిన పది నిమిషాలకి తప్పు కనపడుతుంది. ఎవరూ డౌన్‌లోడ్ చేసుకుని ఉండరులే, ఆ పేరుతోనే కొత్తది పెట్టేద్దాం అనిపిస్తుంది. ఆ పది నిమిషాల్లో ఏదో మిర్రర్ (మన ఫైళ్లకి నకలు ఉంచే సర్వర్) లాగేసుకుంటుంది. ఒకే నంబరుతో రెండు మూటలు లోకంలో తిరుగుతుంటే ఏది అసలుదో ఎవరు చెబుతారు? నంబర్లకి కరువు లేదు. తర్వాతి నంబరు వేసి ఇంకోటి తియ్యి.

తేదీ గురించి మన ప్రాంతపు మాట ఒకటి. అక్టోబరు, నవంబరు మనకి తుఫానుల నెలలు. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటాక ఇక్కడ రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మీ గజపతి జిల్లాని ఏం చేసిందో నువ్వే చూశావు. ఫైనల్ తేదీ ఆ నెలల్లో పడితే, అప్‌లోడ్ హక్కులు, మూట మనదేనని డిజిటల్ సంతకం చేసే కీ ఉన్న రెండో మనిషి వేరే ఊళ్లో ఉండాలి. వాళ్ల సొంత కీ ఉండాలి, నీ కీ పంచుకోకూడదు. ఆ కీ ఫింగర్‌ప్రింట్ కూడా ముందే డౌన్‌లోడ్ పేజీలో పెట్టించు. ఏ నెలైనా శుక్రవారం సాయంత్రం మాత్రం వద్దు. మంగళవారమో బుధవారమో అయితే విరిగినదాన్ని చూసేందుకు మనుషులు దొరుకుతారు. తేదీని యూటీసీలో (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయంలో) రాయి. మనకి తెల్లవారుజామున నాలుగైతే యూటీసీ ప్రకారం ఇంకా ముందురోజే.

రిలీజ్ నోట్స్ రాయడం చివర్లో పెట్టుకోకు, మార్పు మెర్జ్ అయిన రోజే దాని గురించి రెండు వాక్యాలు రాయించు. వరసలో అన్నిటికంటే ముందు, ఏవి విరగొచ్చో, అప్పుడేం చెయ్యాలో చెప్పు. కొత్త హంగులు ఆ తర్వాత. కమిట్ సందేశాలు కుప్ప పోస్తే నోట్స్ అవవు. "పార్సర్ రీఫ్యాక్టర్ చేశాం" అంటే వాడేవాడికి ఏం ఒరిగింది? "ఈ రకం తప్పుకి ఇప్పుడు లైను నంబరు సరిగా చూపిస్తుంది" అను. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉన్నావు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడిన మనిషి ఆయన, సవరల కోసం సవర నేర్చుకున్నారు. నోట్స్ ఇంగ్లీషులోనే ఉంటాయి, సరే. తెలుగులోనూ ఒడియాలోనూ ఒక పేజీ చొప్పున రాయించు. ఒడియాకి మనవాళ్లలో ఎవరో ఒకరు దొరుకుతారు. తెలుగుది నువ్వు రాయి, నేను చూసిపెడతాను.

పనిచేసినవాళ్ల పేర్లు ఒక్కటి కూడా జారిపోకూడదు. గిట్ లాగ్ నుంచి జాబితా తీస్తే కోడ్ రాసినవాళ్లే వస్తారు. బగ్గు పట్టి చెప్పినవాళ్లు, డాక్యుమెంట్లు దిద్దినవాళ్లు, పాత మిషన్ల మీద బిల్డ్ చేసి లాగ్ పంపినవాళ్లు అందులో ఉండరు. వాళ్లని విడిగా వెతికి చేర్చు. ఎవరి పేరు వాళ్లు ఎలా రాసుకుంటారో అలాగే రాయి. మొదటిసారి పేరు చూసుకున్న కుర్రాడు ఆ పేజీని ఇంట్లో చూపిస్తాడు.

ఆ రోజు వరస ఇది: అప్‌లోడ్ చెయ్యి. వేరే నెట్ మీద, ఫోన్ డేటాతో అయినా సరే, డౌన్‌లోడ్ చేసి హ్యాష్, సంతకం చూసుకో. ఇన్‌స్టాల్ చేసి ఒక ప్రోగ్రామ్ నడుపు. అంతా సరిగ్గా ఉన్నాకే ప్రకటించు. డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్‌లకి ప్యాకేజీలు చేసేవాళ్లకి ముందురోజే ఒక మాట చెప్పి ఉంచు. తర్వాత మెయిన్ బ్రాంచిలో వెర్షన్ నంబరు పెంచడం మర్చిపోకు. వారం రోజులు వేరే పని పెట్టుకోకు, వచ్చే ఫిర్యాదుల్ని చదువు. ఒక చిన్న దిద్దుబాటు రిలీజు రెండు మూడు వారాల్లో వస్తుందని ముందే అనుకుంటే కంగారుండదు.

చేసిన ప్రతి పనినీ, ఇచ్చిన ప్రతి కమాండునూ, చేస్తున్నప్పుడే రిపోలో ఒక ఫైల్లో రాసిపెట్టు. పెర్ల్ సోర్సులో రిలీజు చేసేవాళ్ల కోసం అలాంటి గైడు ఉంది, తెచ్చి చదువు. నీ తర్వాత ఈ పని ఎత్తుకునేవాళ్లు దాన్ని చూసుకునే చేస్తారు.

మొదటి రిలీజ్ క్యాండిడేట్ ఎప్పుడు తీస్తావో తేదీ రాయి. నా దగ్గర పాత 32-బిట్ మిషన్ ఇంకా నడుస్తోంది. టార్‌బాల్ పంపితే దానిమీద బిల్డ్ చేసి, టెస్టులు నడిపి, లాగ్ ఆ రాత్రికే పంపిస్తాను.

మావయ్య