టెక్ సందేహాలు: ఫొటోలో దిగులు కనిపించాలంటే?

ప్రశ్న: ఊళ్లో తాతయ్య కట్టించిన ఇల్లు అమ్మేస్తున్నాం. సామాను తీసేశాక, సాయంత్రం పూట ఖాళీ గదులను ఫోనుతో ఫొటోలు తీశాను. చూస్తే ఇల్లు పెళ్లికి ముస్తాబైనట్టు వెలిగిపోతోంది. అప్పటి దిగులు రావాలంటే ఏ యాప్ వాడాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: యాప్ సంగతి తర్వాత. ముందు మీ ఫోను అత్యుత్సాహాన్ని అదుపు చేయాలి. చీకటి మూల కనిపిస్తే చాలు, అదేదో లోపమన్నట్టు కెమెరా వెలుగు పెంచేస్తుంది. వెలుగునీడల తేడా తగ్గించే హెచ్‌డీఆర్ నీడల్ని చెరిపేస్తుంది. మునిమాపు వేళ నీలి ఛాయను ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయను ఫోనే సర్దుకునే ఏర్పాటు) సరిదిద్దేస్తుంది. మీ ఫొటోలు అమ్మకం ప్రకటనకైతే భేషుగ్గా పనికొస్తాయి!

ఈసారి కిటికీ వెలుగు పడే చోట తెర మీద వేలు నొక్కి పట్టుకోండి. చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు మోతాదు) అక్కడే ఆగిపోతాయి. పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. మూలలు నల్లబడనివ్వండి, ఫరవాలేదు. నైట్ మోడ్ వద్దు. సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 దగ్గర, వైట్ బ్యాలెన్స్ 4500 కెల్విన్ దగ్గర పెట్టి చూడండి. పగటి వెలుగు కాస్త నీలంగా, చల్లగా వస్తుంది. ఇంకా తగ్గిస్తే మాత్రం దెయ్యాల సినిమా పోస్టరే.

ఇక ఏం తీయాలి? గదినంతా కాదు. పటం తీసేశాక గోడ మీద మిగిలిన మేకు, దాని చుట్టూ వెలిసిపోని సున్నం చాలు. దాన్ని ఫ్రేములో ఓ పక్కకు నెట్టి, మిగతాదంతా ఖాళీ గోడకే వదిలేయండి.

అమ్మమ్మ అక్కడే ఉంటే 'ఇటు చూడు, బాధగా కూర్చో' అనకండి. 1936లో కాలిఫోర్నియాలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరొథియా లాంగ్ తీసిన వలస తల్లి ఫొటోలో ఆమె కెమెరా వైపు చూడదు. చెంప దగ్గర చెయ్యి, ఎటో చూపు. భుజాలకు ఆనుకున్న పిల్లలిద్దరూ ముఖాలు అటు తిప్పుకొని ఉంటారు. అయినా ఆ దైన్యం మనకు అందుతుంది. బ్యూటీ ఫిల్టర్ మాత్రం తప్పక ఆపండి, ముడతలతో పాటు మనిషినీ తుడిచేస్తుంది.

ప్రశ్న: బ్లాక్ అండ్ వైట్‌లోనే తీయాలా?

జవాబు: రంగుల్లోనే తీసి తర్వాత మార్చండి. ఫొటోలు దిద్దే యాప్ స్నాప్‌సీడ్‌లో బ్లాక్ అండ్ వైట్ మార్పు చేశాక కాపీగా భద్రపరిస్తే అసలు ఫొటో అలాగే ఉంటుంది. అందులోని ఎరుపు ఫిల్టర్ ఎంచుకుంటే నీలాకాశం, పచ్చని ఆకులు ముదురుతాయి. అయితే నీలి మసకే మీ దిగులైతే రంగు తీసేయకండి, తీసేస్తే అదీ పోతుంది.