ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం నుంచి తొలి కార్గో ఉద్యోగానికి: మొత్తం గంటలు చూసి మాత్రమే బయలుదేరకండి

అమెరికాలో విమానం నడపడం నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌గా 1,200 ఎగిరిన గంటలకు దగ్గరపడ్డానని, కార్గో లేదా చార్టర్ (అద్దె విమానాల) ఉద్యోగానికి ఎలా సిద్ధపడాలని మీరు అడిగారు. నేను కొన్నేళ్లు పాఠాలు చెప్పి, ఆ తర్వాత సెస్నా కారవాన్ అనే ఒకే టర్బైన్ ఇంజిన్ ఉన్న చిన్న విమానంలో రాత్రిపూట ఒక్కడినే సరుకు మోశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు లాగ్‌బుక్‌లోని (ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకంలోని) విడి లెక్కలు చూడండి. పార్ట్ 135 (చార్టర్, చిన్న కార్గో సంస్థలకు వర్తించే అమెరికా నిబంధనలు) కింద ఇన్‌స్ట్రుమెంట్ నియమాలతో, అంటే బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే నియమాలతో, కెప్టెన్‌గా ఎగరాలంటే మొత్తం 1,200 గంటలు ఉంటే చాలదు. అందులో 500 గంటల క్రాస్ కంట్రీ (ఒక చోటి నుంచి మరో చోటికి ప్రయాణం), 100 గంటల రాత్రి అనుభవం, 75 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం ఉండాలి. ఆ 75లో కనీసం 50 గంటలు సిమ్యులేటర్‌లో కాకుండా గాలిలో సంపాదించినవై ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్లకు తరచుగా కొరవడేవి రాత్రి గంటలు, ఇన్‌స్ట్రుమెంట్ గంటలు. విద్యార్థి హుడ్ (బయటి దృశ్యం కనపడకుండా చేసే ముసుగు) పెట్టుకుని ఎగిరితే ఆ ఇన్‌స్ట్రుమెంట్ సమయం అతని ఖాతాలోకే వెళుతుంది. నిజమైన మేఘాల్లో పాఠం చెప్పినప్పుడే అది మీకూ జమ అవుతుంది. కాబట్టి ఉరుములు, ఐసింగ్ (విమానం మీద మంచు పేరుకోవడం) ముప్పు లేని మబ్బు రోజున ఇన్‌స్ట్రుమెంట్ పాఠాన్ని రద్దు చేయకండి. విద్యార్థికి కూడా అంతకు మించిన పాఠం ఉండదు. తోటివారు వద్దనుకునే రాత్రి పాఠాలను మీరు అడిగి తీసుకోండి.

లాగ్‌బుక్‌లో కనిపించని లోటు మరొకటి ఉంది. నా దృష్టిలో అదే పెద్దది. పాఠం చెప్పేటప్పుడు మన నోరు పనిచేస్తుంది, చేతులు ఒడిలో ఉంటాయి. ఐఎల్ఎస్ అప్రోచ్‌ను (రేడియో సంకేతాలను అనుసరించి రన్‌వే వైపు దిగడాన్ని) నిద్రలో లేపి అడిగినా వివరించగలం. కానీ దాన్ని ఆటోపైలట్ లేకుండా, రేడియోకు జవాబిస్తూ, ఎదురుగాలి మారుతున్నప్పుడు కనిష్ఠ ఎత్తు వరకు స్వయంగా నడిపి ఎన్నాళ్లయింది? మీతో పాటు చేసే మరో ఇన్‌స్ట్రక్టర్‌ను కుడి సీట్లో కూర్చోబెట్టి, మీరు ఎడమ సీట్లో హుడ్ కింద ఎగరండి. హోల్డింగ్ (గాల్లోనే చుట్లు తిరుగుతూ వేచి ఉండడం), మిస్డ్ అప్రోచ్ (దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం) వరకు అన్నీ చేయండి. కుడి వైపు నుంచి ల్యాండింగ్‌కు అలవాటుపడిన కంటికి ఎడమ సీటు నుంచి రన్‌వే కొంచెం వేరుగా కనిపిస్తుంది. ఆ తేడాకు కూడా ఇక్కడే అలవాటుపడతారు. కంపెనీలో చేరాక ఇన్‌స్ట్రుమెంట్ చెక్ ఆరు నెలలకోసారి ఎదురవుతూనే ఉంటుంది.

విమానం గురించి భయపడనవసరం లేదు. కారవాన్ ఓపికగల విమానం. కొత్తగా నేర్చుకోవలసింది టర్బైన్ స్టార్ట్. ఎన్‌జీ (ఇంజిన్ లోపలి భాగం తిరిగే వేగం) 12 శాతం దాటి నిలకడగా ఉన్నప్పుడే ఇంధనం వదలాలి. కళ్లు ఐటీటీ (టర్బైన్ లోపలి ఉష్ణోగ్రత) మీద నుంచి కదలకూడదు, అది హద్దు వైపు దూసుకెళితే వెంటనే ఇంధనం ఆపాలి. బ్యాటరీ నీరసంగా ఉన్న చలి ఉదయం తొందరపడితే ఇంజిన్ కాలిపోతుంది. సరుకు ఎక్కించేటప్పుడు విమానం వెనక్కి ఒరగకుండా తోక కింద స్టాండ్ పెట్టారో లేదో మీరే చూడండి. బయలుదేరే ముందు దాన్ని తీశారో లేదో కూడా మీరే చూడాలి.

అసలు మార్పు నిర్ణయంలో ఉంటుంది. స్కూల్లో వాతావరణం బాగాలేకపోతే పాఠం రేపటికి మారుతుంది, ఎవరూ ఏమీ అనరు. కార్గోలో సరుకు ఎక్కించేసి ఉంటుంది, అవతల ట్రక్కు వేచి ఉంటుంది, నిన్న ఇదే మబ్బులో మరో పైలట్ వెళ్లి ఉంటాడు. పక్క సీట్లో ఎవరూ ఉండరు. అందుకే మీ హద్దులను ముందే కాగితం మీద రాసుకోండి: ఎంత ఐసింగ్ వరకు వెళతారు, ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి ఎంత ఇంధనం మిగిలి ఉండగా మళ్లుతారు, ఎంత అలసట దాటితే ఫోన్ చేసి రానని చెబుతారు. ఒంటరి పైలట్‌కు 24 గంటల్లో 8 గంటల ఎగిరే సమయం నిబంధన పెట్టిన పరిమితి. మీ శరీరం అంతకన్నా ముందే చాలు అనవచ్చు.

ఇంటర్వ్యూలో మీరూ ప్రశ్నలు అడగండి. నేను తప్పకుండా అడగమనేది ఒకటుంది: “ఈ చలికాలంలో వాతావరణం చూసి ఆగిపోయిన పైలట్‌కు ఆ తర్వాత ఏం జరిగింది?” మేనేజరు జవాబు విన్నాక, వీలైతే అక్కడ రోజూ ఎగిరే లైన్ పైలట్‌ను విడిగా ఇదే అడగండి. ఇద్దరి మాటలూ కలవకపోతే నేనైతే ఆ ఉద్యోగంలో చేరను.

చార్టర్‌లో కో-పైలట్‌గా చేరే అవకాశం వస్తే, కెప్టెన్‌కు కావలసిన 1,200 గంటలు లేకపోయినా తీసుకుంటారు. ఇద్దరు పైలట్ల పని పద్ధతి నేర్చుకోవడానికి అది చాలా మంచి చోటు. అయితే ఆ సీటు నిబంధనల ప్రకారం అవసరమైనదేనా, ఆ గంటలను ఏ ఆధారంతో లాగ్‌బుక్‌లో రాసుకోవచ్చో రాతపూర్వకంగా తెలుసుకోండి. కొన్ని విమానాల్లో, అనుమతి ఉన్న ఆటోపైలట్ ఉంటే, రెండో పైలట్ తప్పనిసరి కాదు. శిక్షణ ఖర్చుకు బాండ్ రాయమంటే, ఎన్ని నెలలు పనిచేయాలో, మధ్యలో మానేస్తే మిగిలిన నెలల లెక్కన తగ్గించి వసూలు చేస్తారో లేక మొత్తం కట్టమంటారో చూసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.