‘ఈ’ అన్న ఒక్క అక్షరానికి ఎన్ని అర్థాలు?

ప్రశ్న ‘ఈ’ గురించి కాబట్టి ముందే చెప్పాలి: ఇది ఒక మాట కాదు. వేర్వేరు పుట్టుకలున్న నాలుగు మాటలు ఒకే రూపంలో కలిశాయి.

అందరికీ తెలిసింది దగ్గరి వస్తువును చూపే ‘ఈ’. ఇది ద్రావిడ మూలం. కన్నడంలోనూ ‘ఈ’ అనే అంటారు. ఆ, ఈ, ఏ మూడింటినీ చిన్నయ సూరి బాలవ్యాకరణంలో ‘త్రికం’ అన్నారు. వీటి తర్వాతి హల్లు రెట్టిస్తే ముందున్న దీర్ఘం పొట్టిదవుతుంది. ఈ + కాలము ‘ఇక్కాలము’ అయ్యేది అలాగే.

రెండోది నాకు చాలా ఇష్టం: ‘ఇవ్వు’ అనే అర్థమున్న ధాతువు. ఇదీ ద్రావిడమే, తమిళంలోనూ ఉంది. ‘ఈయడు’, ‘ఈవి’ (అంటే దానగుణం) దీని నుంచే వచ్చాయి. పుస్తకాల్లోనే మిగిలిందనుకోకండి. మనం రోజూ అనే ‘పోనీ’, ‘రానీ’లలో చివర ఉన్నది ఇదే. ‘వాణ్ని రానీ’ అంటే వాడికి వచ్చే అవకాశం ఇవ్వమనే కదా!

మూడోది సంస్కృతం. అక్కడ ‘ఈ’ అంటే లక్ష్మీదేవి, ‘అ’ అంటే విష్ణువు.

నాలుగోది ఇంగ్లీషు నుంచి ఈమధ్యే వచ్చింది. ఈ-మెయిల్, ఈ-పేపర్‌లలోని ‘ఈ’ ఎలక్ట్రానిక్ అనే మాటకు పొడి అక్షరం.

‘ఆవు ఈనింది’ అన్నప్పుడు వినిపించేదాన్ని మాత్రం వీటితో కలపకూడదు. అక్కడి ధాతువు ‘ఈను’. జనం ‘నేల ఈనినట్టు’ వచ్చారనడంలో ఉన్నదీ అదే.