ఆర్‌ఎక్స్ 100 ఇంజను విప్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ యమహా ఆర్‌ఎక్స్ 100 టూస్ట్రోక్ బైకుకి రోడ్డుకీ రేసుకీ ఒకే ఇంజను కట్టాలనుందని రాశావు. వద్దు నాన్నా. ఎస్.కోట దాటి అరకు ఘాటీ ఎక్కాలంటే తక్కువ స్పీడులో లాగుడుండాలి. ఎగ్జాస్ట్ పోర్టు (సిలిండర్లోంచి పొగ బయటికి పోయే కంత) పైఅంచుని ఆకురాయితో ఒక్క మిల్లీమీటరు లేపినా ఆ లాగుడు తగ్గి, బలమంతా పై ఆర్‌పీఎంకి పోతుంది. గీసేసిన లోహం మళ్లీ రాదు. రేసుకి వేరే సిలిండరు కొనుక్కో. పోటీ తరగతి రూల్స్ కూడా ముందే చదువు: బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 50 మి.మీ., స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 50 మి.మీ. కాబట్టి ఒరిజినల్ 98 సీసీ, బోరు పెంచి 0.50 మి.మీ. ఓవర్‌సైజు పిస్టను వేస్తే 100 సీసీ దాటిపోతుంది.

లేత్ షాపుకి సిలిండరొక్కటే పంపకు, కొత్త పిస్టనూ ఇవ్వు. పిస్టన్ని కొలిచి దానికి తగ్గట్టు బోరు వెయ్యాలి. గజ్జన్ పిన్నుకి (పిస్టన్ని కనెక్టింగ్ రాడ్డుకి కలిపే పిన్ను) అడ్డంగా, స్కర్టు (పిస్టను పక్కగోడ) కింది భాగంలో కొలవమను. పిస్టనుకీ సిలిండరుకీ మధ్య ఖాళీ 0.04 నుంచి 0.05 మి.మీ. చాలు. బోరయ్యాక పోర్టుల అంచులు వేలితో తడిమి చూడు; పదునుగా తగిలితే నున్నగా తీయించు, లేకపోతే రింగు తగులుకుని విరుగుతుంది. రింగుని పిస్టను తలతో సిలిండర్లోకి తిన్నగా నెట్టి, రింగు రెండు కొసల మధ్య సందులో ఫిల్లర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) పెట్టు. 0.20 నుంచి 0.35 మి.మీ. లోపు ఉండాలి. పిస్టను మీది బాణం సైలెన్సరు వైపు. పిన్ను జారకుండా పట్టుకునే పాత లాకులు మళ్లీ వాడకు.

అసలు ప్రాణం క్రాంకు ఆయిల్ సీళ్లలో (క్రాంకు షాఫ్టు రెండు కొసల దగ్గరా ఉండే రబ్బరు సీళ్లు) ఉంది. పిస్టను పట్టేస్తే అందరూ నూనెని అంటారు గాని, చాలాసార్లు దోషం గాలిది. మాగ్నెట్ వైపు సీలు కారితే గాలి లోపలికి లాగి మిక్చరులో (గాలీ పెట్రోలూ కలిసినది) పెట్రోలు తక్కువై, వేడెక్కి పట్టేస్తుంది. క్లచ్ వైపుది పోతే గేరాయిలు తాగి తెల్లపొగ వదుల్తుంది. ఇంజను ఎలాగూ విప్పుతున్నావు, రెండూ మార్చెయ్.

కంప్రెషన్ పెంచడానికి హెడ్డు (సిలిండరు మూత) కోయించాలనుకుంటే, పిస్టనుకీ హెడ్డుకీ మధ్య ఖాళీ తెలియడానికి ముందు సోల్డరింగ్ తీగ ముక్కలు రెండు పిస్టను మీద, పిన్ను వరసలో అటూ ఇటూ గ్రీజుతో అంటించి, హెడ్డు బిగించి, కిక్కుతో మెల్లగా తిప్పు. నలిగిన కొస 1 మి.మీ. ఉంటే ఇంక కోయక్కర్లేదు.

మొదటి 500 కిలోమీటర్లు సగం యాక్సిలరేటర్ దాటకు. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఫుల్లిచ్చి, క్లచ్ పట్టి, అక్కడే ఇంజను ఆపి ప్లగ్గు తియ్యి. పింగాణీ తెల్లగా ఉంటే కార్బురేటర్లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచు. నల్లగా తడిగా ఉంటే తగ్గించు. లేత కాఫీ రంగు కావాలి. సగం యాక్సిలరేటర్లో ముక్కుతుంటే తప్పు జెట్టుది కాదు, కార్బురేటర్ సూదికి ఉండే క్లిప్పుది. క్లిప్పు ఒక గాడి కిందికి దించితే పెట్రోలు పెరుగుతుంది.

ఇంకొక్కటి. అనంతగిరి నుంచి దిగేటప్పుడు యాక్సిలరేటర్ మూసేసి గేర్లో వదిలెయ్యకు. పెట్రోలూ నూనే రెండూ చుక్కల్లోకి పడిపోతాయి, పిస్టను మాత్రం ఆడుతూనే ఉంటుంది. రెండు మూడు మలుపులకోసారి క్లచ్ పట్టి చిన్న రేజ్ ఇవ్వు.

బోరు వేయించే రోజు కబురు చెయ్యి, మైక్రోమీటరు పట్టుకొస్తాను.

మామయ్య